గోరు దిగే బొమ్మ

మొన్న మాఘమాసంలో మా తమ్ముడి మనవరాలు తన కుక్కపిల్ల కొరకడానికి ఏదైనా బొమ్మ కొనాలని నన్ను వెంటబెట్టుకొని బస్టాండు వైపు ఒక దుకాణానికి పోయింది. నాకు కుక్కల మీద ప్రేమ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆటోలో ఒక్కదాన్నే కూర్చోవడం ఇష్టం లేక లోపలికి పోయాను. దుకాణంలో పనిచేసే అమ్మాయి ఎముక ఆకారంలో ఉన్న తెల్లటి బొమ్మను నా చేతిలో పెట్టి, "ఇది మస్తు గట్టిది అవ్వా, ఎంత కొరికినా అరగది" అంది. నా బొటనవేలు దానంతట అదే లేచి గోటిని ఆ బొమ్మ మీద అదిమింది. గోరు దిగలేదు.

"ఇది వద్దు. పండ్లు విరుగుతయి" అన్నాను.

"నీకెట్ల తెలుసవ్వా?" అని మా పిల్ల నా ముఖం చూసింది. వాకిట్లో కుక్క అడుగుపెడితే ఫినాయిలు సీసా తెచ్చే మనిషిని నేను.

అట్లా గోటితో అదమడం నా అలవాటు కాదు. మా ఎదురింటి ఆమెది. ఆమె పోయిందని కార్తీకంలోనే తెలిసింది. మోస్రా నుంచి ఆమె చెల్లెలు ఏదో పని మీద నిజామాబాద్ వచ్చి, మా గేటు పట్టుకొని నిలబడి, "అక్క పోయింది టీచరమ్మా. బావ ఉన్నడు. అక్కనే ముందుగాల పోయింది" అని చెప్పింది. ఏ రోజు అని అడిగాను. సోమవారం అంది. పంచాంగంలో తిథి చూసుకున్నాను. అప్పుడు నాకేమీ కాలేదు. దుకాణంలో ఆ తెల్ల ఎముక చేతిలో ఉండగా మాత్రం కూర్చోవడానికి స్టూలు అడగవలసి వచ్చింది.

ఆమె బీడీలు చేసేది. మా గేటుకు సరిగ్గా ఎదురుగా ఆమె అరుగు. పొద్దున పాలవాడు పోయేసరికి ఒళ్లో చాట పెట్టుకొని కూర్చునేది. నానబెట్టిన తునికాకును ఒక ఇనుప రేకు మీద పెట్టి, రేకు అంచు వెంట కత్తిరించేది. ఆకులో తంబాకు పోసి చుట్టి, దారం చుట్టి, బొటనవేలి గోటితో బీడీ మూతి ముడిచేది. ఆ గోరు ఒక్కటే పెంచుకుంది. తంబాకు పట్టి పసుపుపచ్చగా, కొస కొంచెం వంపు తిరిగి ఉండేది. ఆ గోటితో ఆమె వెల్లుల్లి వొలిచేది, పిల్లల కాళ్లలో ముళ్లు తీసేది, బీరకాయ లేతదో ముదిరినదో చెప్పేది. ఒకసారి మామిడికాయ కోయడానికి కత్తి అడిగితే గోరు చూపించి నవ్వింది.

నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఎవరు కనబడినా పుట్టిన ఏడు అడగడం నాకు అలవాటు. ఆమెను కూడా అడిగాను.

"బోధన్ ఫ్యాక్టరీ ముంగట చెరుకు బండ్లు లైను కట్టిన ఏడు పుట్టినవని మా అవ్వ చెప్పేది టీచరమ్మా."

"ఆ రోజుల్లో ఏ ఏడు కట్టలేదమ్మా లైను?"

"గందుకే నాకు వయసు రాలే" అంది, చాటలోంచి కళ్లెత్తకుండా.

ఆమెది బోధన్ దగ్గరి పల్లె. తండ్రి ఫ్యాక్టరీకి చెరుకు తోలేవాడు. పెళ్లయి నిజామాబాద్ వచ్చింది. భర్త దుబాయిలో మేస్త్రీ పని చేసి, వీసా అయిపోయి ఇంటికి వచ్చాడు. మళ్లీ వీసా వస్తుందని చాలా కాలం ఎదురుచూశాడు. దారిన పోయేవాళ్లందరూ "వీసా వచ్చిందా?" అని అడిగేవాళ్లు. అరుగు మీంచి ఆమె "వస్తున్నదట, తొవ్వల ఉన్నదట" అని జవాబిచ్చేది. వీసా రాలేదు. ఒక చలికాలం పొద్దున ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పూర్తిగా పడిపోయింది. ఎడమ చెయ్యి కూడా సగమే పనిచేసేది. మాట పోయింది.

ఆ ఎండాకాలమే మా పక్కింటి మేడ మీద కిరాయికుండే దవాఖాన నర్సమ్మకు వేరే ఊరికి బదిలీ అయింది. ఆమె దగ్గర ఇంకా ఎదుగుతున్న చిన్న కుక్క ఒకటి ఉండేది. తెలుపూ గోధుమరంగూ కలిసిన బొచ్చు, పిల్లికంటే కాస్త పెద్ద. దాన్ని తీసుకుపోవడానికి కుదరదని ఎదురింట్లో వదిలిపోయింది. గలీలో ఎవరో "ఏందక్కా, గీ ఇంట్ల ఉన్నోళ్లకే దిక్కు లేదంటె కుక్కొకటా?" అన్నారు. ఆమె కుక్కను ఎత్తి పట్టుకొని అందరికీ చూపించింది.

"గింత కాలం వస్తది వస్తది అన్న వీసా గిదే. సూడుండ్రి. తోక గూడ ఉన్నది."

దాని పేరు వీసా అయింది.

అప్పుడప్పుడు ఇంటికి వచ్చే ఫిజియోథెరపీ ఆయన ఆమె భర్తను ఎడమ చేతితో రబ్బరు బంతి పిసకమన్నాడు. చెయ్యి ఎంత కదిలితే అంత మంచిది, చెయ్యి కదిలినకొద్దీ మాట కూడా రావచ్చు అన్నాడు. రావచ్చు అన్నాడు గాని వస్తుంది అనలేదు. నేను పక్కనే ఉన్నాను. ఆమె మాత్రం వస్తుందనే విన్నది. బంతి తెచ్చి భర్త అరచేతిలో పెట్టేది. ఆయన గోడ వైపు చూస్తూ దాన్ని జారవిడిచేవాడు. మళ్లీ పెట్టేది. మళ్లీ జారవిడిచేవాడు. బంతి ఒక్కటే కాదు, నోట్లో పెట్టిన ముద్దను కూడా అట్లాగే జారవిడిచేవాడు.

ఒకనాడు అట్లా జారిన బంతిని కుక్క నోట కరుచుకొని మంచం ఎక్కి ఆయన చేతిలో వేసింది. ఆయన దాని వంక చూశాడు. బంతిని మంచం కిందికి తోశాడు. కుక్క మళ్లీ తెచ్చింది. మూడోసారికి తోయలేదు, విసిరాడు. విసరడం అంటే పెద్ద విసురేం కాదు, మంచం కోడు దాకా. ఆమె బీడీల చాట పక్కన పెట్టి మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"టీచరమ్మా, మా ఆయన నౌకరికెక్కిండు. జర వచ్చి సూడుండ్రి."

కొన్ని వారాలకు మంచం కోడు నుంచి నీళ్ల డ్రమ్ము దాకా పోయింది విసురు. ఆ తరువాత, శ్రావణంలో ఒక మంగళవారం, నేను వాళ్లింట్లో నిలబడి ఉండగా, కుక్క బంతిని ఇవ్వకుండా దూరంగా నిలబడి తోక ఊపింది. ఆయన ఎడమ చెయ్యి చాచి, పెదవులు కూడదీసుకొని, "తే" అన్నాడు.

ఆమె తలుపు చట్రం పట్టుకొని నిలబడిపోయింది. "కందకుర్తిల గోదాట్ల ఈయనను ముంచి తెచ్చిన. దర్గల తాయెత్తు గట్టిచ్చిన. రాని మాట గీ కుక్క తెచ్చింది" అంది. ఆ తరువాత రోజంతా వాళ్లింట్లోంచి మా వరండాలోకి వినిపించేది. తే. కాసేపటికి మళ్లీ, తే. ఆయనకు ఉన్నది ఆ ఒక్క అక్షరమే. అది కుక్కతో తప్ప ఎవరితోనూ అనలేదు. ఆమెతో కూడా అనలేదు. నీళ్లు కావాలన్నా అనలేదు.

అప్పటినుంచి ఆమెకు ఒకటే రంధి. కుక్కకు ఏమీ కావద్దు. కుక్క నోట్లోకి పోయే వస్తువు సరైనదై ఉండాలి.

మొదట్లో ఆమె పుట్టింటి పద్ధతినే పాటించింది. "మా బోధన్ దిక్కు కుక్కలు గూడ చెరుకు నములుతయి" అని చెరుకు ముక్క చెక్కు తీసి వేసింది. పీచు దాని అంగిట్లో అడ్డం పడి కుక్క నోరు నేలకేసి రాసుకొని గిలగిల కొట్టుకుంది. గోటితో తీసింది. తరువాత మటన్ దుకాణం నుంచి మూలుగ బొక్క తెచ్చి ఉడికించి వేసింది. అది సూదుల్లా పగిలింది. జాతరలో కొన్న రబ్బరు బాతు పీపీ అని అరిచేది. కుక్క దాని కడుపు చీల్చి లోపల కూతపెట్టే పీకను బయటికి లాగుతుండగా పట్టుకుంది. ఆయన చేతిలో ఉండే బంతిని కూడా ఒకనాడు అనుమానంగా చూసింది. కుక్క పెరిగి, నోరు తెరిస్తే బంతి లోపలికంటా పోతున్నది.

"టీచరమ్మా, మీ ఫోన్ల అన్ని రాస్తరు గద. సిన్న కుక్కలకు ఎసొంటివి ఇయ్యాల్నో జర సదువుండ్రి."

నేను వెతికి చదివి చెప్పాను. గోటితో నొక్కితే కొంచెం దిగాలి, దిగకపోతే పన్ను విరిగేంత గట్టిది. వెనక పళ్లను దాటి గొంతులోకి పోయేంత చిన్నది కావద్దు. కళ్లు, గుండీలు, పీకలు, ఊడివచ్చేవి ఏవీ ఉండొద్దు. తాడు బొమ్మలు ఇవ్వవచ్చు గాని పోగులు లేస్తే వెంటనే పారేయాలి. ఆమె చాటలో చేతులు ఆగకుండానే విన్నది. చదవడం అయ్యాక, "మళ్లొకసారి" అంది. మళ్లీ చదివాను.

గోరు ఆమె దగ్గర ఉండనే ఉంది. చిన్నదో పెద్దదో తేల్చడానికి ఆకు కత్తిరించే ఇనుప రేకును పెట్టుకుంది. ఒకరోజు వీసా నోరు తెరిచి ఆ రేకును అడ్డంగా పెట్టి చూసింది. అది లోపలికి పోలేదు. ఇక ఆ రేకు కంటే పొట్టిగా ఉన్నది ఏదీ కొనకూడదని తేల్చుకుంది. బజారుకు పోయేటప్పుడు రేకును రైకలో దోపుకునేది.

ఒక ఆదివారం నేను కూడా వెంట పోయాను. బజారులో తోపుడు బండి మీద బొమ్మలు అమ్మేవాడు ఒకడుండేవాడు. ధర్మాబాద్ మనిషి, సగం మరాఠీ, సగం మన మాట. ఆమె బండి దగ్గర నిలబడి ఒక్కొక్క బొమ్మనూ ఎత్తేది, గోరు దించేది, రేకు పక్కన పెట్టి చూసేది, చెవులు పట్టి లాగేది, వాసన చూసేది, పక్కన పెట్టేది. వెనక గిరాకీ నిలబడిపోయింది.

"కాయ్ తాయీ, కుక్కకు బొమ్మ కొంటున్నవా, బిడ్డకు సంబంధం సూస్తున్నవా?" అన్నాడు అతను.

"నాకు గింత సూసి చేసుంటె నేను గిట్లెందుకుంటుంటినే?" అంది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఒక రబ్బరు చేప దగ్గర ఆగి, దాని కన్నును గోటితో గీకింది. కన్ను ఊడి వచ్చింది. దాన్ని అతని అరచేతిలో పెట్టింది. "గిది పిల్లగాండ్లకు గూడ అమ్మకు అన్నా" అంది. అతను ఆ చేపను బండి కిందికి విసిరేశాడు. మళ్లీ పైకి తీసి పెట్టుకోవడం తిరిగి వచ్చేటప్పుడు నేను చూశాను. ఆమెకు చెప్పలేదు.

చివరకు దొరికింది. ఎక్కడో కాదు, పశువుల దవాఖాన ఎదుటి చిన్న కొట్లో. ఎర్ర రబ్బరు రింగు, దానికి రెండు వైపులా నూలు తాడు, తాడు కొసల్లో ముడులు. గోరు దిగింది. రేకు కంటే పెద్దది. ఊడివచ్చే కన్నూ ముక్కూ లేవు. అన్నిటికంటే ముఖ్యం, తాడును ఆయన సగం పనిచేసే వేళ్లు పట్టుకోగలిగాయి. బంతి జారేది, తాడు జారదు. ఆ రింగు వచ్చాక విసురు నీళ్ల డ్రమ్మును దాటి వాకిలి కడప దాకా పోయింది. దసరా వెళ్లాక ఒకసారి కడప దాటి అరుగు మీద పడింది. ఆమె చాటలోనే వచ్చి పడింది. తంబాకు అంతా లేచి ఆమె ముఖాన పడింది. తుమ్ముకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, "ఏందే, గిన్నేండ్లకు నా మీద ఇసురుతున్నవా!" అని లోపలికి అరిచింది. లోపలి నుంచి, తే.

ఆమె అంతగా నవ్వడం నేను ఆ ఒక్కనాడే చూశాను. ఫిజియోథెరపీ ఆయన కూడా ఆ నెలలో వచ్చి చూసి, ఇట్లాగే సాగితే ఎండాకాలానికి గోడ పట్టుకొని నిలబడవచ్చు అన్నాడు.

కుక్క రోజంతా లాగే తాడు ఎన్నాళ్లుంటుంది? ఒక కొస ముడి వదులై పోగులు లేచాయి. ఆమెకు గుర్తుంది. నేను గుర్తుచేయవలసిన అవసరం రాలేదు. అదే కొట్టుకు పోయి అచ్చు అట్లాంటిదే ఇంకొకటి తెచ్చింది. రంగు కూడా అదే. గోరు దించింది, రేకు పెట్టింది. ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పట్టుకోలేదు. కుక్క తెచ్చి ఇచ్చినా పట్టుకోలేదు. పాతదాని కోసం మంచం మీద వేళ్లతో తడుముకున్నాడు. దాన్ని ఆమె అప్పటికే దాచేసింది. ఆ రోజు "తే" వినబడలేదు. మర్నాడు కూడా వినబడలేదు. నేను మా వరండాలో కూర్చొని ఉన్నాను కాబట్టి చెప్పగలను, రెండో రోజు సాయంత్రం ఆమె బీడీలు చుట్టడం ఆపి చాలాసేపు ఊరికే కూర్చుంది. ఆమె చేతులు ఊరికే ఉండటం ఎవరికైనా కొట్టొచ్చినట్టు కనబడే సంగతి.

తరువాత పాతదాన్ని బయటికి తీసింది. లేచిన పోగులన్నీ కత్తెరతో కత్తిరించింది. తాడు కొసను బీడీ దారంతో చుట్టింది. ఆమెకు తెలిసిన కట్టు అదే. చుట్టుమీద చుట్టు, ఒకదాన్ని ఒకటి ఒత్తుకుంటూ, మధ్యలో సందు లేకుండా, చివర కొసను గోటితో లోపలికి దోపింది. చూడటానికి ఎంతో అందంగా ఉంది. బీడీ దారం సన్నగా ఉంటుంది గాని తెంపబోతే వేలు కోస్తుంది.

గలీ దాటి వచ్చి నాకు చూపించింది. గోటితో గీకి చూపించింది. "సూడుండ్రి. ఇగ ఒక్క పోగు ఊడది. బీడీ తాగి పారేసినంక గూడ నా కట్టు ఊడదు టీచరమ్మా. గలీల పడ్డ బీడీ పీకలు సూడుండ్రి, ఏది నాదో చెప్త."

అది నిజమే. గలీలో అందరూ బీడీలు చేసేవాళ్లే అయినా, ఒక్కొక్క కార్ఖానాకు ఒక్కొక్క రంగు దారం. ఎరుపు, గులాబీ, పసుపు. ఆమెది ఆకుపచ్చ. ఆ గలీలో ఆకుపచ్చ దారం ఆమె ఒక్కతే చుట్టేది.

ఆయన పట్టుకున్నాడు. విసిరాడు. తే అన్నాడు. ఆమె మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుంది.

పుష్యమాసంలో చలి గట్టిగా ఉంది. బోధన్ రోడ్డు నుంచి చెరుకు ట్రాక్టర్లు పొద్దున మంచులో లైట్లు వేసుకొని పోయేవి. బుధవారంనాడు కుక్క తినలేదు. చలికి అనుకుంది. గురువారం పసరు కక్కింది. వీపు విల్లులా వంచి, ముందు కాళ్లు చాచి, మంచం కింద పడుకుంది. ఆయన విసిరిన రింగు కడప దగ్గరే పడి ఉంది. తే అన్నాడు. కుక్క తల ఎత్తింది గాని లేవలేదు.

ఆయనను పక్కింటివాళ్లకు అప్పజెప్పి, కుక్కను తువ్వాలలో చుట్టుకొని ఆమె ఆటో ఎక్కింది. నేను కూడా ఎక్కాను. ఎందుకు ఎక్కానో అడిగితే చెప్పలేను. ఆటోలో ఆమె ఒకటే లెక్కబెడుతున్నది. "బొక్క పెట్టలే. చెరుకు పెట్టలే. పిల్లగాండ్లు చాక్లెట్ గిట్ల ఏసిండ్రేమో. బీడీ పీక గిట్ల మింగిందేమో. ఏం మింగింది టీచరమ్మా? అన్ని సూసే గద ఇచ్చిన."

పశువుల దవాఖానలో డాక్టరు పిల్లవాడిలా ఉన్నాడు. నెమ్మదస్తుడు. పొట్ట తడిమాడు. కుక్క నోరు తెరిచి, వేలితో నాలుక పైకెత్తి, టార్చి వేయించాడు. నాలుక కింద, మొదట్లో, సన్నటి గీత ఒకటి మాంసంలోకి కోసుకొనిపోయి ఉంది. ఒక కొస అక్కడ చుట్టుకుంది. ఇంకో కొస గొంతులోకి పోయింది.

"దారం మింగింది" అన్నాడు.

"గుంజితె రాదా సార్?"

"గుంజొద్దమ్మా. అటు కొస పేగుల ఉన్నది. గుంజితే పేగు కోసుకపోతది. ఇంట్ల కుట్టుమిషన్ ఉన్నదా?"

ఆమె టార్చి వెలుతురులోకి వంగి చూసింది.

"మిషన్ లేదు సార్. గది నా దారమే" అంది.

ఆపరేషను చేశాడు. చేయగలిగినంతా చేశాడు, అందులో నాకు సందేహం లేదు. బయటికి వచ్చి చెప్పేటప్పుడు, సంచి మూతి నాడా లాగితే గుడ్డంతా ఎట్లా కుచ్చులు పడుతుందో పేగులన్నీ దారం మీదికి అట్లా కుచ్చులు పడ్డాయని, చాలాచోట్ల అప్పటికే తెగాయని చెప్పాడు. కుక్కకు మళ్లీ మెలకువ రాలేదు. తీసిన దారాన్ని స్టీలు గిన్నెలో చూపించాడు. ఆకుపచ్చ రంగు పోలేదు. నేను తల తిప్పుకున్నాను. ఆమె గిన్నెలోకి చూస్తూ, "మంచి దారం సార్. తెగది" అంది.

ఆటోలో తిరిగి వచ్చేటప్పుడు ఆమె కుడిచేతి బొటనవేలిని ఎడమచేతి పిడికిట్లో పట్టుకొని దాచుకున్నట్టు కూర్చుంది.

మర్నాడు పొద్దున పాలవాడు పోయేసరికి ఆమె అరుగు మీద ఉంది. ఒళ్లో చాట ఉంది. కార్ఖానాకు బీడీలు ఇవ్వాలి, ఇంట్లో పొయ్యి వెలగాలి. ఆకు కత్తిరించింది, తంబాకు పోసింది, చుట్టింది, ఆకుపచ్చ దారం చుట్టింది, గోటితో మూతి ముడిచింది. ఒక్కొక్క బీడీకీ ఆ దారమే. ఇంకో రంగు కావాలంటే ఇంకో కార్ఖానాకు పోవాలి, అక్కడ కొత్తవాళ్లను తీసుకోవడం లేదు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఆమె నా వైపు చూడలేదు.

లోపల ఆయన రెండు రోజులు తే, తే అన్నాడు. మూడో రోజు అనలేదు.

ఆమె కొత్త కుక్కను తెచ్చుకోవచ్చు కదా అని గలీలో అందరూ అన్నారు. నేను కూడా అన్నాను. "తెస్తె నోట్లకు ఏమియ్యాలె టీచరమ్మా?" అని అడిగింది. ఎండాకాలం వచ్చింది. ఆయన గోడ పట్టుకొని నిలబడలేదు. ఎడమ చెయ్యి కూడా మెల్లమెల్లగా ఛాతీ మీదికి ముడుచుకుంది. ఆరుద్ర కార్తె వచ్చేసరికి ఇల్లు ఖాళీ చేసి మోస్రాలో చెల్లెలి దగ్గరకు పోయారు. ఆమె అక్కడ కూడా బీడీలే చేసిందట.

మొన్న కార్తీకంలో చెల్లెలు వచ్చి గేటు దగ్గర నిలబడ్డప్పుడు, తిథి చూసుకున్న తరువాత, ఇంకొకటి అడిగాను.

"మీ బావకు మళ్లీ ఆ మాట వచ్చిందా?"

"ఏం మాట టీచరమ్మా? మా బావకు మాటెక్కడిది?" అంది.

ఆ మాట మొదటిసారి వచ్చినప్పుడు దగ్గరుండి విన్నవాళ్లలో ఇక మిగిలింది నేను. అందుకే ఇదంతా రాస్తున్నాను. ఇంకొక్కటి కూడా రాయాలి. అది కుక్క పోయిన పదిపదిహేను రోజులకు జరిగింది.

ఆదివారం. ఆమె పిలిస్తే పోయాను. కుక్క కొరికి లాగగా రింగుకు మిగిలిన దారాన్నంతా కత్తిరించి తీసేసింది. తాడు కొస పోగులు పోగులుగా వేలాడుతున్నది. ఇప్పుడు పోగులు లేస్తే ఎవరికి ప్రమాదం? ఆయన గోడ వైపు తిరిగి పడుకొని ఉన్నాడు. ఆమె నన్ను కడప దగ్గర నిలబెట్టింది, సాక్షిని నిలబెట్టినట్టు. రింగును నీళ్ల డ్రమ్ములో ముంచింది.

"అది తడితడిగ తెచ్చేది గద. పొడిగ ఉంటె పట్టుకుంటలేడు" అంది.

నీళ్లు కారుతున్న రింగును ఆయన అరచేతిలో పెట్టి, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. కుక్క కూర్చునే చోటే కూర్చుంది.

"ఇసురు. నేను తెస్త. ఎంత దూరం ఇసిరినా తెస్త. తే అను."

ఆయన వేళ్లు కొంచెం కదిలాయి. నేను చూశాను. తాడు మీద వేళ్లు ఒకసారి తడిమినట్టు కదిలి, విడిపోయాయి. రింగు మంచం అంచు మీంచి జారి ఆమె మోకాలి పక్కన పడింది.

ఆమె చటుక్కున దాన్ని అందుకొని నా వైపు తిరిగింది.

"ఇసిరిండు టీచరమ్మా! సూసిండ్రు గద?"

జారడానికీ విసరడానికీ ఉన్న తేడా నాకు తెలుసు. ముప్పయ్యేళ్లకు పైగా బడిలో ఒక్క పిల్లకూ అర మార్కు ఎక్కువ వేయలేదు.

"చూసిన" అన్నాను.

ఆమె లేచి రింగును మళ్లీ డ్రమ్ములో ముంచింది. తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. ఈసారి వేళ్లు కదలలేదు. ఆమె ఆ వేళ్లను, బీడీ మూతి ముడిచినట్టు, గోటితో ఒక్కొక్కటే లోపలికి ముడిచింది. చిటికెన వేలు, దాని పక్కది, దాని పక్కది. అన్నీ ముడిచి తన చెయ్యి తీసింది.

ఆయన వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఆమె మళ్లీ చిటికెన వేలి దగ్గర మొదలుపెట్టింది.